మూడో బస్సు వచ్చేదాకా

"రండి టీచరమ్మా. రెండూ పోయినాయా?" అన్నాడు బాలకృష్ణయ్య గల్లాపెట్టె దగ్గర నుంచి.

"పోయినాయి శెట్టిగారూ. కాలు పెట్టను సందు లేదు," అంటూ సరస్వతి టీచరు మెట్ల మీద చెప్పులు విడిచి, కాలితోనే వాటిని ఒక పక్కకు జరిపి లోపలికి వచ్చింది.

పోయినవి ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు పోయే బస్సులు. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి సాయంత్రం మొదటి రెండు బస్సులు తలుపు దగ్గర మనుషులు వేలాడుతూ వెళ్తాయి. మూడోదాంట్లో కొంచెం ఊపిరాడుతుంది. అది ఆగే చోటు అంగడికి ఎదురుగానే. అది వచ్చేదాకా టీచరు ఈ అంగట్లో పరుపు అంచున కూర్చుంటుంది. కూర్చుని, ఆ ఉచిత బస్సు మంచిదా కాదా అని బాలకృష్ణయ్యతో వాదిస్తుంది.

జాకెట్టు గుడ్డల బల్ల వెనక ఆయన భార్య శకుంతలమ్మ చేతిలోని చీరకు కొంగు వెతుక్కుంటోంది. మధ్యాహ్నం నుంచి విప్పి చూసి వద్దని పోయిన చీరలు ఆమె పక్కన గుట్టగా ఉన్నాయి. అంచుకు అంచు కలిపి, గడ్డం కింద పట్టి, చేతులు చాచి రెండుగా, మళ్లీ రెండుగా మడిచి, అరచేత్తో రుద్దింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే చెవులు అటు ఉన్నాయి.

"నేనడిగేది ఒకటే. ఊరక ఇచ్చేది ఏదీ ఊరక రాదు. ఆ డీజిలు ఎవరు పోస్తాండారు? నేను, మీరు. మీ జీతంలో కోసేది గూడా దాంట్లోకే పోతాది."

"పోనీండి. నా జీతంలో కోసింది యాడికి పోతాందో నాకు కనపడ్తాంది గదా. రోజూ బస్సులో నా కాలు తొక్కుతాంది."

బాలకృష్ణయ్య నవ్వాడు. "అట్ల కాదు టీచరమ్మా..."

"ముందు ఇది చెప్పండి. మీ అంగడికి గిరాకీ పెరిగిందా లేదా?"

"పెరిగింది. అబద్ధమెందుకు."

"మళ్ల?"

"నాకు మంచిదైతే రాష్ట్రానికి మంచిదని యాడుంది?"

"మా ఆయన కండక్టరు. ఇంటికొచ్చి కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకోని నన్ను తిడ్తాడు, బస్సు నేనే పెట్టినట్టు. మాకు చెడ్డయితే రాష్ట్రానికి చెడ్డని మాత్రం యాడుంది?"

ఇద్దరూ నవ్వారు. చీరలు చూపించే రఫీ కూడా నవ్వాడు. శకుంతలమ్మ మడిచిన చీరను గుట్ట మీద కొంచెం గట్టిగానే పెట్టింది.

చీరలంగడి పెట్టుకున్నవాడు ఏ పార్టీ పక్కవాడో ఊళ్లో ఎవరికీ తెలియకూడదన్నది బాలకృష్ణయ్య పట్టు. పులివెందుల నుంచి వస్తారు, మైదుకూరు నుంచి వస్తారు, అన్ని పక్కలవాళ్లూ చీరలు కట్టుకోవాల్సిందే. అంగడి ముందు నిలబెట్టే రెండు బొమ్మలకు ఏ చీర కట్టాలో కూడా ఆయనే చెబుతాడు. ఒక బొమ్మకు పసుపు కడితే రెండోదానికి నీలం కట్టాలి. రెండింటికీ ఒకే రంగు పడకూడదు. ఎన్నికల నెలలో ఆ రెండు రంగులూ ఉండవు, గులాబీలూ వంకాయ రంగులే. "పాపం బొమ్మలు, వీటికి ఓటు గూడా లేదు," అంటాడు రఫీ. ఎవరైనా గిరాకీ రాజకీయం ఎత్తితే బాలకృష్ణయ్య, "ఈ బార్డరు చూడండి," అని చీర విప్పుతాడు. అట్లాంటి మనిషి టీచరు వస్తే గల్లాపెట్టె రఫీకి అప్పగించి వచ్చి పరుపు మీద కూర్చుంటాడు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆమె చెప్పేది చివరిదాకా వింటాడు. విని, "అది గాదు, మీరు చెప్పిన రెండో మాట తప్పు," అంటాడు.

రెండో మాట! అంటే మొదటి మాట కూడా గుర్తుందన్న మాట.

శకుంతలమ్మకు తప్పుడు ఆలోచన ఏదీ రాలేదు. వచ్చినా బాగుండేది. అట్లాంటిదానికి ఒక పేరుంటుంది, ఏడవొచ్చు, అక్కకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. ఇది చెప్పుకుంటే నవ్విపోతారు. నా మొగుడు ఒకామె మాటను తప్పు అంటున్నాడు, నా మాటను ఎప్పుడూ అనలేదు అని ఎవరితో చెప్పుకునేది?

ఆ రోజు ఇంట్లో జొన్న రొట్టె వడ్డిస్తూ తానే ఎత్తింది. "ఆ బస్సు మాట. ఆమె చెప్పేదాంట్లో గూడా నిజం ఉందనిపిస్తాది నాకు."

"ఊఁ," అన్నాడు బాలకృష్ణయ్య.

"ఊఁ అంటే?"

"ఉంటాదిలే. ఆ ఊరిబిండి ఇట్ల జరుపు."

పచ్చడి గిన్నె జరిపింది. ఇంకో రొట్టె వేస్తూ, "లేదు, మీరు చెప్పిందే సరి. ఊరక ఇస్తే విలువుండదు," అంది.

"అదీ నిజమే," అన్నాడాయన, రొట్టె తుంచుతూ.

శకుంతలమ్మ చేతిలోని గరిటె వైపు చూసుకుంది. రెండు పక్కలా మాట్లాడినా ఆయనకు తేడా తెలియలేదు. ఆమె ఏం చెప్పినా ఇంట్లో ఫ్యాను చప్పుడులాంటిదే. ఆగితే తప్ప వినబడదు.

మర్నాడు పులివెందుల నుంచి ఒక పెళ్లివాళ్లు రెండు బండ్లలో దిగారు. ఆడవాళ్లు పరుపు నిండా కూర్చున్నారు. పెళ్లికూతురి తాత ఒక్కడే కుర్చీ వేయించుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఏ చీర వచ్చినా ముందు తానే అంచు పట్టి చూస్తున్నాడు. ధర్మవరాలు, కంచిపట్లు, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు, అన్నీ ఈ అంగట్లోనే తీసుకునేట్టున్నారు. బాలకృష్ణయ్య చొక్కా వీపు చెమటకు అంటుకుపోయింది. రఫీ కొంగులు విసిరి విసిరి చూపిస్తున్నాడు. శకుంతలమ్మ కూడా బల్ల వదిలి వచ్చి అందిస్తోంది.

బడి వదిలిన వేళకు టీచరు వచ్చింది. గిరాకీ చూసి మూలనున్న స్టూలు మీద కూర్చుంది. అంత హడావుడిలోనూ బాలకృష్ణయ్య తల ఎత్తి, "కాసేపు కూర్చోండి టీచరమ్మా, వస్తా," అన్నాడు. నిన్నటి వాదనకు ఏదో జవాబు దొరికినవాడిలా ఆయన కళ్లు మెరిశాయి. పొద్దున పళ్లు తోముకుంటూ తనలో తాను నవ్వుకున్నది దీనికేనన్న మాట, అనుకుంది శకుంతలమ్మ.

ఆమె నోట్లోంచి మాట అప్పుడే వచ్చింది. పులివెందుల వాళ్ల ముందు ఆ మాట ఏం చేస్తుందో ఆమెకు తెలుసు.

"ఏం టీచరమ్మా, ఈ రోజు వాదన లేదా? ఉచిత బస్సు శానా మంచిదని మా ఆయన్ను నిన్ననే సగం ఒప్పించినావు గదా!"

పెద్దాయన చేతిలోని అంచు వదిలేశాడు.

"ఎవరు ఒప్పించింది?" అన్నాడు. "ఏమ్మా, నువ్వు ఏ పక్క మనిషివి?"

"నాది నేను చెప్పుకుంటాండా పెద్దాయనా. ఎవర్నీ ఒప్పించలేదు," అంది సరస్వతి లేచి నిలబడి.

"ఆడోళ్లను బస్సులెక్కించి ఊర్లెంబడి తిప్పి, ఓట్లేయించుకునే పథకం. దాన్ని మెచ్చుకుంటాండావా? పిల్లోళ్లకు గూడా ఇదే చెప్తావా బళ్లో?"

"బళ్లో లెక్కలు చెప్తా. మీ ఇంటి ఆడోళ్లు బస్సెక్కితే మీకొచ్చిన నష్టమేందో చెప్పండి, నేను గూడా వింటా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచకపోవడమే పెద్దాయనకు మండించినట్టుంది. కర్ర నేల మీద కొట్టాడు. "శెట్టీ! ఈమెను పంపించు. మేం చీరలు చూసుకోవాల."

అంగట్లో అందరూ బాలకృష్ణయ్య వైపు చూశారు. ఇప్పుడు ఈయన ఒక చీర విప్పుతాడు, ఈ బార్డరు చూడండి అంటాడు, టీచరు తనంతట తానే మెట్లు దిగిపోతుంది అనుకుంది శకుంతలమ్మ. ఆమెకు కావాల్సింది కూడా అంతే.

బాలకృష్ణయ్య చేతిలోని పట్టుచీరను జాగ్రత్తగా పరుపు మీద పెట్టాడు.

"పెద్దాయనా, నేను గూడా మీ పక్కే. ఓటు గూడా మీరేసినదానికే ఏసినా. ఆ బస్సు నాకూ ఇష్టం లేదు," అన్నాడు. "కానీ ఆమె వచ్చి మా అంగట్లో కూర్చోనుంది. లెయ్యమని నేను అనలేను."

రఫీ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఈ అంగట్లో చేరినప్పటి నుంచి ఆయన ఓటు ఎటో రఫీకి తెలియదు. ఆ మాటకొస్తే శకుంతలమ్మకూ తెలియదు.

పెళ్లివాళ్లు లేచారు. పెళ్లికూతురు మాత్రం ఒక తేనె రంగు చీరను వదల్లేక వదల్లేక వదిలింది. బండ్లు కదిలాక పరుపు నిండా విప్పిన పట్టు చీరలు పొర్లుతూ మిగిలాయి. సరస్వతి, "నావల్లనే శెట్టిగారూ," అని, మూడో బస్సు కోసం ఆగకుండా అప్పుడే వచ్చిన రెండో బస్సులోకి, తలుపు దగ్గరి గుంపులోకి, భుజంతో తోసుకుంటూ ఎక్కేసింది.

మడతలు వేస్తూ కూర్చుంది శకుంతలమ్మ. పట్టును రుద్దకూడదు, జరీ విరుగుతుంది. మెత్తగా గాలి తీసినట్టు మడవాలి. ఆ రోజు ఆమె చేతికి అది కుదరలేదు. ఒకసారి మైదుకూరు గిరాకీ ఒకామె మడత బాగాలేదని తనను అందరి ముందు కసిరితే, ఆయన గల్లాపెట్టెలో చిల్లర వెతుక్కుంటూ తల వంచుకున్నాడు. ఈ రోజు తల ఎత్తాడు. బొమ్మకు పసుపు చీర కట్టనివ్వని మనిషి, టీచరు కోసం తన ఓటు నడిబజార్లో చెప్పేశాడు.

ఇంటికి పోయాక తిడతాడని కాచుకుంది. తిడితే తన దగ్గరా కొన్ని మాటలున్నాయి. ఆయన స్నానం చేసి, అన్నం తిని, పేపరు తీశాడు.

"నన్నేమీ అనరా?" అంది ఉండబట్టలేక.

"దేనికి?"

"అంత గిరాకీ పోయె. నేనట్ల అనకపోతే పోయేది గాదు."

"పోతే పోయిందిలే," అన్నాడాయన పేపరు తిప్పుతూ. "నువ్వేం కావాలని అన్యావా?"

ఆమె కంచం ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. కావాలని చేసిన తప్పు కూడా ఆయన లెక్కలోకి రాలేదు.

ఆ తర్వాత సరస్వతి రాలేదు. బస్సు మొదటిది వెళ్లింది, రెండోది వెళ్లింది, మూడోది దాదాపు ఖాళీగా ఆగి వెళ్లింది. మొదటి రోజు శకుంతలమ్మకు గుండెలో చల్లగా ఉండింది. రఫీకి టీ తెప్పించింది, తానూ తాగింది. రెండో రోజు బాలకృష్ణయ్య పేపర్లోంచి ఏదో చదువుతూ చటుక్కున తల ఎత్తి స్టూలు వైపు చూసి, మళ్లీ పేపరు మడిచేయడం ఆమె కంటపడింది. ఆ చూపు తన మీదుగానే పోయింది. తన దగ్గర ఆగలేదు. మూడోనాటికి అంగట్లో ఎవరూ మాట్లాడటం లేదు. చీరలు విప్పే చప్పుడు, గుడ్డ చించే చప్పుడు, అంతే. టీచరు పోయినా ఆ చోటు తనకు రాలేదు, పాడుబడింది.

ఆదివారం పొద్దున, "జమ్మలమడుక్కు పోయొస్తా," అంది.

"నీ ఇష్టం. కారు తీస్కపో, డ్రైవర్ను పిలుస్తా."

"బస్సుకు పోతా."

బాలకృష్ణయ్య ఇటు తిరిగాడు. "బస్సుకా?"

ఆమె చెప్పులు తొడుక్కుంది. ఆయన్ను అంతమాత్రం ఇటు తిరిగేలా చేసినందుకు మెట్లు దిగుతుంటే కాళ్లు తేలికగా అనిపించాయి. టీచరు ఇల్లు కనుక్కుని, ఇంక ఎప్పుడూ మా అంగడి మెట్లు ఎక్కొద్దు అని మొహాన చెప్పాలని బయల్దేరింది. ఆమె రావడం మానుకుందని నమ్మకం లేదు. ఈ రోజు కాకపోతే వచ్చే వారమైనా ఆమె వస్తుంది. వస్తే మళ్లీ ఆయన కళ్లద్దాలు తీస్తాడు.

ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు చీటీ చించి ఇచ్చాడు. దాని మీద సున్నా ఉంది. సీటు దొరికింది గానీ బస్సు కదిలేసరికి ఒళ్లో ఎవరిదో బుట్ట, భుజం మీద ఎవరిదో మోచెయ్యి. పక్కన నిలబడ్డ పంచెకట్టు మనిషి అందరికీ వినబడేలా అన్నాడు. "దుడ్లు పెట్టినోళ్లం నిలబడాల, ఊరికే ఎక్కినోళ్లు కూర్చోవాల. ఇదేం న్యాయమప్పా!"

"ఊరక ఇచ్చేది ఏదీ ఊరక రాదు గదా," అంది శకుంతలమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకే ఆశ్చర్యమేసింది.

వెనక సీట్లో ఒకామె అందుకుంది. "అట్లయితే లెయ్యక్కా! నీ సీటు ఆయప్పకియ్యి, పుణ్యమొస్తాది!" బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు.

శకుంతలమ్మ చెవులు వేడెక్కాయి. ఆమెకు ఈ పక్క మాటలూ తెలుసు, ఆ పక్క మాటలూ తెలుసు. జాకెట్టు గుడ్డల వెనక కూర్చుని రెండూ కంఠతా పట్టింది. కానీ ఇద్దరివీ తీసేస్తే తనది ఏముందో వెతుక్కుంటే చేతికేమీ తగల్లేదు.

పక్క సీట్లో ఆమె బిస్కెట్టు రంగు చీర కట్టుకుంది, సన్న ఎర్రంచు. ఆ అంచు శకుంతలమ్మకు తెలుసు. తమ అంగట్లోదే.

"ఈ చీర ప్రొద్దుటూర్లో కొన్నావా మ్మా?"

"అవునక్కా. ముందు మా పక్కింటామెతో వచ్చి చూసిపోయినా. మళ్ల నేనొక్కదాన్నే వచ్చి తీసుకున్యా. మా ఇంటాయన చూసి, మాపు పడ్తే కనపడ్తాది గదా, ముదురుది తెచ్చుకోకపోయినావా అన్యాడు. పడ్తే ఉతుక్కుంటాలే, ఉతికేది నువ్వు గాదు గదా అన్యా."

శకుంతలమ్మ నవ్వి, నవ్వు మధ్యలో ఆగింది. అంగట్లో ఎడమ చేతి పక్క అర కళ్ల ముందు కదిలింది. ముదురు మెరూన్లు, నల్లంచు ఆకుపచ్చలు, ముదురు కాఫీ రంగులు. ఏడాది కిందట అక్కడ సరుకు నిలిచేది కాదు. కొనేదాని మొగుడు పక్కన కూర్చుని, ఇది గట్టిగా ఉంది, మాపు కనపడదు, ఇది తీసుకో అనేవాడు. ఆమె సరే అనేది. ఇప్పుడు ఆ అర నిండుగా ఉంది. లేత రంగులు మాత్రం తెచ్చినవి తెచ్చినట్టు పోతున్నాయి. రోజూ మడతలు వేసేది తనే కాబట్టి వద్దనేవి ఏ రంగులో తన చేతులకు తెలుసు. ఇన్నాళ్లూ చేతులకు తెలిసింది, తనకు ఇప్పుడు తెలిసింది.

జమ్మలమడుగులో పెన్న ఒడ్డుకు పోయే దారిలో టీచరిల్లు అడిగితే చూపించారు. తలుపు తీసి ఉంది. లోపల త్రివిక్రమరావు, ఆమె భర్త, టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. టీవీలో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. ఆయన వాళ్ల మీద అరుస్తున్నాడు.

"అక్కా, మీరా!" సరస్వతి వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. "యాడ కూర్చున్నారు బస్సులో, సీటు దొరికిందా? ఈ బస్సులు చాలడం లేదక్కా, ఇంకో రెండన్నా..."

"మొదలుపెట్టినావా?" అన్నాడు త్రివిక్రమరావు టీవీ మీద నుంచి కన్ను తీయకుండా. "నువ్వే ఇట్లంటే అవతలోళ్లు ఏమంటారు? మనోళ్లు చేసింది మనమే తప్పు పట్టుకుంటామా?"

సరస్వతి తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. శకుంతలమ్మను వంటింట్లోకి తీసుకెళ్లి పీట వేసింది. గోరుచిక్కుళ్లు ఈనెలు తీస్తూ ఉన్నట్టుంది, మళ్లీ అవే చేతిలోకి తీసుకుంది. శకుంతలమ్మ కూడా చేయి చాచి గుప్పెడు తీసుకుంది. ఉత్త చేతులతో ఆమెకు కూర్చోవడం రాదు.

"ఇంక రానక్కా మీ అంగడికి," అంది సరస్వతి, తలొంచుకునే. "పెండ్లి గిరాకీ పోగొట్టినా. శెట్టిగారికి చెప్పండి."

ఏ మాట చెప్పడానికి అంత దూరం వచ్చిందో ఆ మాట అడక్కుండానే దొరికిపోయింది. ఇక లేచి పోవచ్చు. శకుంతలమ్మ లేవలేదు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు," అంది సరస్వతి. "ఆ రోజు కావాలనే అన్యారు గదా?"

"కావాలనే అన్యా."

"ఎందుకక్కా?"

"కడుపు మంట," అంది శకుంతలమ్మ. ఈనె తీసి పక్కన పెట్టింది. "నువ్వేదో చేస్తాండావని గాదు. అట్లాంటిది గాదు. ఆయన నీ మాట వింటాడు, తప్పంటాడు. నాది సరే అంటాడు, ఏదైనా సరే అంటాడు. సరే సరే అని ఇన్నేండ్లు గడిపేసినాడు."

సరస్వతి నవ్వుతుందేమోనని చూసింది. నవ్వలేదు. అవతలి గదిలో టీవీ అరుపు పెరిగింది.

"నాది వేరే తీరక్కా. చూసినారు గదా, మా ఇంట్లో అందరం ఒక పక్కే. కాళ్ల నొప్పులకు మా ఆయన నన్ను తిడ్తాడు గానీ, మా వాళ్లు చేసేదాంట్లో తప్పుంటే ఈడ నోరెత్తను వీల్లేదు. బళ్లో టీచర్లతో అంటే నన్ను ఆ పక్కకు రాసేస్తారు. శెట్టిగారితో అయితే అనొచ్చు. ఆయన దాన్ని పట్టుకోని గెలిచినట్టు ఎగరడు. మెట్ల దాకా పంపించను వచ్చినప్పుడు ఆయన గూడా వాళ్లోళ్ల తప్పులు మెల్లగా నాతో అంటాడు."

అది శకుంతలమ్మకు ఎక్కడో సూటిగా దిగింది. "ఏమంటాడు?"

"అది ఆయన్నే అడగాల మీరు."

చిక్కుడుకాయ పుటుక్కున విరిగింది. నా ఇంటి మనిషి మనసులో మాట నా దగ్గర దాచిపెడుతుందీమె, నన్ను అడుక్కోమంటుంది! ఆ మంటలోనే శకుంతలమ్మ అనేసింది. "మీరిద్దరు చెప్పేదీ తప్పే. డీజిలు గాదు, జీతం గాదు. మీరు అసలు సంగతి చూడలేదు."

"ఏందక్కా ఆ సంగతి?"

చెప్పింది. ఎడమ పక్క అర గురించి, ముదురు రంగుల గురించి, మొగుడు పక్కన కూర్చుంటే ఆడది పట్టే చీరకూ, ఒక్కతే వస్తే పట్టే చీరకూ ఉన్న తేడా గురించి. మొదట మాటలు వెతుక్కుంది, తర్వాత వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

సరస్వతి చిక్కుళ్లు పక్కన పెట్టింది. "ఆగండి. అది బస్సు వల్ల అని ఎట్ల చెప్తారు? ఇప్పుడు అందరూ ఫోన్లల్లో చూసి లేత రంగులే అడుగుతాండారు."

"మొగుడితో కార్లో వచ్చేవాళ్లు చూడ్డంలేదా ఫోన్లు? వాళ్లు ఇప్పటికీ ముదురువే పట్టుకపోతాండారు."

"అయితే గూడా, ఒక రంగు కోసం ప్రభుత్వం బస్సు నడపాల్నా అంటారు శెట్టిగారు. అప్పుడేం చెప్తారు?"

"రంగు కోసమా? ఒక్కసారి గూడా తనకు కావాల్సింది తాను ఏలు పెట్టి చూపించనోళ్లు..." శకుంతలమ్మ గొంతు లేచింది. అవతలి గదిలో త్రివిక్రమరావు టీవీ చప్పుడు తగ్గించి, ఏమైందో చూద్దామని తొంగి చూశాడు. ఆయన్ను ఇద్దరూ పట్టించుకోలేదు.

ఇంకా తేలలేదు. తేలకుండానే ఒక బస్సు పోయింది. లేచేటప్పుడు శకుంతలమ్మ చీర కుచ్చిళ్లు దులుపుకుని, "రేపు రా," అంది.

"అంగడికా?"

"నా మాట తప్పని చెప్పాలంటే అంగడికే రావాల."

సోమవారం సరస్వతి వచ్చింది. బాలకృష్ణయ్య గబగబా గల్లాపెట్టె తాళంచెవి రఫీ చేతిలో పెట్టి, పరుపు మీద చోటు చేసి, మడిచి దాచుకున్న పేపరు విప్పాడు. "టీచరమ్మా, ఇది చూసినారా, పక్క రాష్ట్రంలో ఏం చేసినారో..."

"ఉండండి శెట్టిగారూ. అక్కతో తేల్చుకోవాల్సింది ఒకటుంది," అంటూ ఆమె నేరుగా జాకెట్టు గుడ్డల బల్ల దగ్గరికి పోయి స్టూలు లాక్కుంది.

బాలకృష్ణయ్య పేపరు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. వాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఏదో అని ఇద్దరూ నవ్వారు. ఆయన లేచి గజం బద్ద తుడిచాడు. తర్వాత రుమాళ్ల పెట్టె వెతకడానికి బల్ల పక్కకు వచ్చాడు. రుమాళ్ల పెట్టె అక్కడ ఉండదు. శకుంతలమ్మ తల ఎత్తకుండానే ఆయన మొహం చూసింది. చెవి ఇటు, కళ్లు అటు. ఆ మొహం ఎట్లా ఉంటుందో అద్దంలో చూసుకోకపోయినా ఆమెకు తెలుసు.

"ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు చివరికి, ఆగలేక. "ముదురు రంగులు పోకపోవడానికి ఎండలు కారణం. ఈ ఎండలకు ఎవరు కొంటారు కాఫీ రంగు?"

"పోయినేడు ఎండలు లేవా?"

"పోయినేడు సరుకు వేరు."

"సరుకు తెచ్చింది మీరే గదా, అప్పుడూ ఇప్పుడూ."

"కాదు శకుంతలా, నీకు తెలీదు, హోల్‌సేల్ వాళ్లు..." అంటూ ఆయన కూర్చున్నాడు. కూర్చున్నది స్టూలు మీద కాదు, ఆమె ఇప్పుడే మడిచి పెట్టిన చీరల గుట్ట మీద. మడిచిన చీర మీద గిరాకీ చెయ్యి ఆనితేనే ఓర్చుకోలేని మనిషి.

"చీరల మీద కూర్చున్నారు."

"ఉండు, నన్ను చెప్పనీ."

ఆయన చెప్పుకుపోతున్నాడు. సూరత్ సరుకు, రంగు దిగడం, పెళ్లిళ్ల నెలలు. సగం తప్పు అనిపించింది ఆమెకు. తప్పు అనుకోవడంలో ఎంత సుఖముందో! ఎక్కడ పట్టుకోవాలో గుర్తు పెట్టుకుంటూ, చేతిలోని చీరను మడవడం మరిచిపోయి వింటోంది.

వీధిలో బస్సు వచ్చి ఆగింది. సరస్వతి లేచి, "పోయొస్తా శెట్టిగారూ," అంది. బాలకృష్ణయ్యకు వినబడలేదు. రోజూ మెట్ల దాకా వచ్చి పంపించేవాడు. ఆమె కాసేపు నిలబడి, మెట్లు దిగి, చెప్పులు తొడుక్కుంది. బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఒకసారి వెనక్కి చూసింది. బొమ్మల మధ్య నుంచి అంగట్లోకి, చీరల గుట్ట మీద చేతులూపుతూ మాట్లాడుతున్న మనిషి వైపు. ఆ చూపును శకుంతలమ్మ వెంటనే గుర్తుపట్టింది, ఇన్నాళ్లూ బల్ల వెనక నుంచి తాను చూసిన చూపే. ఇప్పుడు ఆమె పోయేది టీవీ అరుస్తున్న ఇంటికి.

ఒక కేక వేద్దామా అనుకుంది శకుంతలమ్మ. రేపు పెందలాడే రా, అని.

"ఏం, జవాబు లేదా?" అన్నాడు బాలకృష్ణయ్య.

"ఉంది," అందామె, వీధి మీద నుంచి చూపు తిప్పుకుంటూ.